మా వీధి సగం పక్క డివిజన్‌లోకి పోతే ఓటు ఏమవుతుంది?

తమ్ముడూ, మీరు ఒకే ఊపిరిలో నాలుగు ప్రశ్నలు అడిగారు. మీది కర్నూలులో కల్లూరు వైపు. డివిజన్ల హద్దులు మారిస్తే గీత మీ వీధి మధ్యలోంచే పోతుందని ఎవరో చెప్పారు. అలా అయితే ఓటు పోతుందా, కొళాయి రాకపోతే ఎవరిని పట్టుకోవాలి, కార్పొరేటర్‌గా పోటీ చేయాలనుకుంటున్న మీ అక్క సంగతేంటి, కేసు వేస్తే ఆగుతుందా అని మీ టెన్షన్. నేను మున్సిపల్ శాఖలో బిల్ కలెక్టర్‌గా చేరి, చివరి పదేళ్లు ఆఫీసులో ఎన్నికల ఫైళ్లు చూసి రిటైరయ్యాను. సీమలో మూడు పట్టణాల్లో వార్డుల (కార్పొరేషన్‌లో డివిజన్ అనేదాన్నే చిన్న పట్టణాల్లో వార్డు అంటారు) విభజన పనిలో కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నా.

ముందు ఒక మాట. "ఎవరో చెప్పారు" అన్న హద్దులకు విలువ లేదు. డివిజన్ల హద్దులు మార్చాలంటే ముందు ముసాయిదా ప్రకటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, ఆ తర్వాతే ప్రభుత్వం తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. టీ బంకు దగ్గర ఫోన్‌లో తిరిగే మ్యాపులు చాలావరకు ఎవరో ఒక ఆశావహుడు తన లెక్క కోసం గీసుకున్నవే. అలాంటి మ్యాపు చూసి ఇల్లు మారిన మనిషి నాకు తెలుసు. తీరా తుది జాబితాలో ఆయన పాత ఇల్లే ఆయనకు కావాల్సిన డివిజన్‌లో ఉంది.

ఓటు పోతుందా అంటే, గీత మారినంత మాత్రాన పోదు. మున్సిపల్ ఎన్నికలకు ఓటర్ల జాబితాను కొత్తగా తయారు చేయరు. అసెంబ్లీ ఎన్నికల కోసం ఉన్న జాబితానే తీసుకొని, అందులోని ఒక్కో పేరును ఏ డివిజన్‌కు చెందుతుందో విడదీస్తారు. మీ కల్లూరు వైపు వాళ్ల పేర్లు పాణ్యం అసెంబ్లీ జాబితాలో ఉంటాయి. పాత ఊరి వాళ్లవి కర్నూలు జాబితాలో, కొద్ది ప్రాంతానివి కోడుమూరు జాబితాలో ఉంటాయి. ఒకే నగరపాలక సంస్థకు మూడు నియోజకవర్గాల కాగితాలన్నమాట. విడదీసే పని చేసేది మున్సిపల్ సిబ్బంది. అసలు తప్పులు పుట్టేది ఇక్కడ.

కర్నూలు డోరు నంబర్లు మీకు తెలుసు కదా, మధ్యలో గీటుతో ఉంటాయి. గీటుకు ముందున్న అంకె డివిజన్ నంబర్ అని చాలామంది అనుకుంటారు. కాదు. అది పాత రెవెన్యూ వార్డు, ఇంటి పన్ను కోసం ఎప్పుడో వేసుకున్న లెక్క. ఇప్పుడున్న డివిజన్లు 52 అయితే, ఎనభైకి పైన అంకెలతో మొదలయ్యే డోరు నంబర్లు కూడా ఊళ్లో ఉన్నాయి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకొని "మాది ఫలానా డివిజన్" అని ఘంటాపథంగా చెప్పేవాళ్లను నేను ఆఫీసు కౌంటర్ దగ్గర రోజుకు పదిమందిని చూసేవాణ్ణి. పోనీ వాళ్లంటే సామాన్యులు. రాత్రి పదకొండు గంటలకు జాబితా ముందేసుకొని కూర్చున్న కొత్త ఉద్యోగి కూడా అదే పొరపాటు చేస్తే ఏమవుతుంది?

ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. ఊరి పేరు చెప్పను, సీమలోనే ఒక పట్టణం. ఒక వీధిలో ఎడమ వరుస ఒక వార్డు, కుడి వరుస ఇంకో వార్డు అయ్యాయి. విడదీసేటప్పుడు పాత నంబర్లు, కొత్త నంబర్లు కలిసిపోయి, ఎడమ వరుసలో అరవై మంది దాకా పేర్లు కుడి వార్డులో పడ్డాయి. పోలింగ్ రోజు పొద్దున ఒక పెద్దామె బూత్ దగ్గర నన్ను నిలదీసింది: "నేను బతికే ఉండా కదా సార్, మా ఓటు యాడికి పోయింది?" ఓటు ఎక్కడికీ పోలేదు. కిలోమీటరు అవతల బడిలో ఉన్న బూత్‌లో భద్రంగా ఉంది. కానీ ఆమె నెల రోజులు వెంట తిరిగి ప్రచారం చేసిన అభ్యర్థి పేరు ఆ బూత్ బ్యాలెట్‌లో లేదు. ఆమె వెళ్లి ఓటు వేయకుండా ఇంటికి తిరిగి వచ్చేసింది. ఆ జాబితా ముసాయిదాగా గోడకు అంటించి ఉన్న రోజుల్లో ఆ వీధి నుంచి ఒక్కరు కూడా వచ్చి చూడలేదు. తప్పు ఆఫీసుది, కాదనను. కానీ దిద్దించుకునే అవకాశం ఉన్న రోజులు చేజారాయి.

కాబట్టి మీరు చేయాల్సింది రెండు వేర్వేరు పనులు, వాటిని కలపొద్దు. మీ పేరు అసెంబ్లీ జాబితాలోనే లేకపోతే మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. బీఎల్‌వో, అంటే మీ బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి దగ్గర, కొత్తగా పేరు చేర్చే ఫారం 6 ఇవ్వాలి. ఇల్లు మారితే, వివరాలు తప్పుగా ఉంటే ఫారం 8. ఇది మున్సిపల్ నోటిఫికేషన్ వచ్చాక చేసే పని కాదు, ఈ వారమే చేసుకోండి. పేరు అసెంబ్లీ జాబితాలో ఉండి, డివిజన్ మాత్రం తప్పుగా పడితే అది మున్సిపల్ కమిషనర్ దిద్దాల్సింది. డివిజన్ల వారీ జాబితా బయట పెట్టినప్పుడు మీ ఒక్క ఇంటి పేర్లే చూసుకొని వచ్చేయకండి. అటు ఐదిళ్లు, ఇటు ఐదిళ్లు చూడండి. వరుసలో మధ్య ఇల్లు ఒక్కటే వేరే డివిజన్‌లో ఉంటే అక్కడ తప్పు జరిగినట్టే. ఓటరు కార్డు చూపించి వాదించకండి, దాని మీద డివిజన్ నంబర్ ఉండదు. ఇంటి పన్ను రసీదు, పక్కింటి వాళ్ల రసీదు జతచేస్తే పని తొందరగా అవుతుంది.

ఇప్పుడు అసలు గీత సంగతి. నిజంగా మీకు పనికొచ్చే సమాచారం ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

వీధిని సగానికి ఎందుకు కోస్తారు? కక్షతో అనే అందరూ అనుకుంటారు. కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం జనగణన బ్లాకుల వల్ల జరిగినవి. డివిజన్లను సమాన జనాభాతో చేయాలి, సగటుకు పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. సగటు ఎనిమిది వేలు అనుకుంటే 7,200 నుంచి 8,800 దాకా సరే. ఆ జనాభా అంటే ఇవాళ ఊళ్లో ఉన్న జనం కాదు. రాజ్యాంగం ప్రకారం చివరగా ప్రచురించిన జనగణన లెక్క, అంటే ఇప్పటికీ 2011దే. ఆ లెక్క వీధుల వారీగా దొరకదు, ఎన్యూమరేషన్ బ్లాకుల వారీగా, అంటే జనాన్ని లెక్కించడానికి ఊరిని విడగొట్టిన చిన్న ముక్కల వారీగా దొరుకుతుంది. ఒక్కో బ్లాకులో సుమారు ఆరేడు వందల మంది ఉంటారు. 2011 లెక్కకు బ్లాకులు వేసినవాళ్లు తమ సౌకర్యం కోసం వీధి ఎడమ వరుస ఒక బ్లాకులో, కుడి వరుస ఇంకో బ్లాకులో వేసి ఉంటే, ఆ బ్లాకులు వేర్వేరు డివిజన్లకు పోయిన రోజున మీ వీధి రెండవుతుంది. గీత గీసిన ఉద్యోగి మీ వీధి ముఖం కూడా చూసి ఉండడు.

దీంట్లో ఇంకో తమాషా ఉంది. 2011లో జొన్నచేను ఉన్న చోట ఇవాళ మూడంతస్తుల ఇళ్లతో కాలనీ ఉంది. 2011 లెక్కలో అక్కడ జనం సున్నా. అందుకే శివారు డివిజన్లు కాగితం మీద పాతబస్తీ డివిజన్లతో సమానంగా కనిపిస్తాయి, ఓటర్ల జాబితా తెరిస్తే మాత్రం వాటికి రెట్టింపు బరువు ఉంటుంది. నంద్యాల చెక్‌పోస్టు దాటి పెరిగిన కాలనీల వాళ్లకు, వన్‌టౌన్‌లో ఇరుకు సందుల వాళ్లకు చెరో కార్పొరేటరే కాబట్టి రెండు చోట్లా జనం సమానమే అనుకోవడం పొరపాటు.

ఈ సంగతి తెలిసినవాడు అభ్యంతరం రాసే తీరు వేరుగా ఉంటుంది. మామూలుగా మాకు వచ్చే అర్జీల్లో ఇలా ఉండేది: "మా వీధి ప్రజల మనోభావాలు దెబ్బతిన్నాయి, దయచేసి పాత డివిజన్‌లోనే ఉంచగలరు." కింద రెండు వందల సంతకాలు. అలాంటి వాటిని ఒక కట్టగా కట్టి "పరిశీలించడమైనది" అని రాసి పక్కన పెట్టేవాళ్లం, నిజం చెబుతున్నా. ఒకసారి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాసిన అర్జీ వచ్చింది. ముసాయిదాలో ఉన్న బ్లాకు నంబర్లు తీసుకొని, "ఈ బ్లాకును ఇటు కలపండి, బదులుగా కాలువ అవతల ఉన్న ఆ బ్లాకును అటు ఇవ్వండి, రెండు వార్డుల జనాభా ఇంత, ఇంత అవుతుంది, రెండూ పది శాతం లోపే, పైగా కాలువే హద్దు అవుతుంది" అని ఒక పేజీలో రాశారు. సంతకం ఆయనది ఒక్కటే. మార్పు జరిగింది. ఎందుకంటే మాకు కావాల్సిన పని ఆయనే చేసి పెట్టారు.

కర్నూలుకు ఇలాంటి సహజ హద్దులు చాలా ఉన్నాయి. ఒకవైపు తుంగభద్ర, ఊరి మధ్యలో హంద్రీ, కేసీ కాలువ, రైలు పట్టాలు, హైవే. వీటిని దాటి డివిజన్ గీస్తే మీ అర్జీకి బలం వస్తుంది. వంతెన ఎక్కి దిగి ఓటు వేయాల్సి వస్తుందని, 2009 అక్టోబర్ వరద లాంటిది వస్తే కార్పొరేటర్ ఒక ఒడ్డున, జనం ఇంకో ఒడ్డున ఉంటారని రాయండి. ఆ వరద చూసిన అధికారి ఎవరైనా ఆ వాక్యం దగ్గర ఆగుతాడు. అర్జీ చేతికి ఇచ్చి మాటతో సరిపెట్టకండి, తేదీ, ముద్ర ఉన్న అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు నెలలు కాదు, రోజుల్లో ఉంటుంది. సంక్రాంతికో ఉగాదికో పడిందంటే సగం గడువు పండగలోనే పోతుంది.

ఇంకో విషయం, రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఈ అర్జీ పంపి కూర్చోకండి. గీతలు గీసేది వాళ్లు కాదు, ప్రభుత్వం. సంఘం పని ఆ గీతల మీద ఎన్నిక జరపడం.

మా కార్పొరేటర్‌ను ఓడించడానికే ఇదంతా అని కూడా మీరు రాశారు. నా అభిప్రాయం చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. 2021 మార్చి 10న పోలింగ్ జరిగిన ఎన్నికల్లో కర్నూలులో 52 డివిజన్లకు 41, అనంతపురంలో 50కి 48, కడపలో 50కి 48 ఒకే పార్టీకి వచ్చాయి. గాలి అంత గట్టిగా వీచినప్పుడు ఒక వీధి అటు పోయినా ఇటు పోయినా ఫలితం మారదు. యాభై, నూరు ఓట్లతో తేలే డివిజన్‌లో మాత్రం ఒక బ్లాకు చాలు. మీ డివిజన్‌లో పోయినసారి మెజారిటీ ఎంతో చూసుకోండి. వందల్లో ఉంటే మీ అనుమానానికి పస లేదు.

మీ అక్క గారి విషయం. హద్దుల కంటే రిజర్వేషన్ గురించి ఎక్కువ ఆలోచించమనండి. ఎస్సీ, ఎస్టీ స్థానాలను వాళ్ల జనాభా శాతం ఎక్కువ ఉన్న డివిజన్లకు కేటాయిస్తారు. ఇప్పటిదాకా జనరల్‌గా ఉన్న డివిజన్‌కు ఒక కొత్త బ్లాకు కలిసి ఆ శాతం నాలుగు పాయింట్లు పెరిగితే, అది రిజర్వుడు జాబితాలోకి ఎక్కిపోవచ్చు. బయటివాళ్లు గమనించనిది ఇదే. గీత జరగడం వల్ల ఓట్లు మారడం చిన్న విషయం, పోటీకి అర్హులే మారిపోవడం పెద్ద విషయం. మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలకు కాబట్టి ఆ మేరకు ఆమెకు దారి ఎక్కువే. రిజర్వేషన్ల నోటిఫికేషన్ వచ్చేదాకా ఫ్లెక్సీలు కట్టించొద్దు, వినాయక చవితి చందాలకు వేలకు వేలు ఇవ్వొద్దు.

ఆమె ఇల్లు పక్క డివిజన్‌లోకి పోయినా బెంగ లేదు. నగరపాలక సంస్థ పరిధిలో ఏ డివిజన్‌లో ఓటరైనా సరే, 21 ఏళ్లు నిండితే వేరే డివిజన్ నుంచి పోటీ చేయొచ్చు. రిజర్వుడు స్థానమైతే ఆ వర్గానికి చెందాలి, అంతే. ముగ్గురు పిల్లలు ఉన్నారని వెనకాడుతుంటే, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబర్‌లో శాసనసభ తీసేసింది. గెలిచాక మేయర్ పీఠం సంగతి వేరు. మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. కార్పొరేటర్లు, వాళ్లతో పాటు ఎక్స్ అఫీషియో (తమ పదవి వల్లే వచ్చే) సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎంపీ కూడా ఓటేస్తారు. మన ఊరు మూడు నియోజకవర్గాల మీద ఉంది కాబట్టి ఆ సమావేశంలో కుర్చీలు కూడా కాస్త ఎక్కువే పడతాయి.

కొళాయి, చెత్త, వీధి దీపం విషయంలో మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు. ఆ పనులు వార్డు సచివాలయం చూస్తుంది. 2019లో వాటిని పెట్టినప్పుడు పట్టణాల్లో సుమారు నాలుగు వేల మందికి ఒకటి అనుకున్నారు. ఆ హద్దు, డివిజన్ హద్దు ఒకటి కాదు. మీ వీధి కొత్త డివిజన్‌లోకి పోయినా సచివాలయం అదే ఉండొచ్చు. నీళ్లు రాకపోతే అక్కడ సదుపాయాలు చూసే ఉద్యోగిని, అంటే ఎమెనిటీస్ సెక్రటరీనే అడగాలి. ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబర్ కూడా డివిజన్‌తో మారదు. అయితే ఒక చిక్కు ఉంది. ఒకే సచివాలయం కింద రెండు డివిజన్లు పడితే ఇద్దరు కార్పొరేటర్లు ఒకే ఉద్యోగికి ఫోన్ చేస్తారు. ముందు ఎవరి వీధిలో గుంత పూడుస్తాడో అతని ఇష్టం, కాదు, అతని భయం.

చివరగా కేసు. మీ కాలనీ పెద్దలు హైకోర్టు అంటున్నారని రాశారు. రాజ్యాంగంలో 243 జెడ్‌జీ అని ఒక అధికరణం ఉంది. వార్డుల విభజన చట్టాలను, స్థానాల కేటాయింపును కోర్టులో ప్రశ్నించకూడదని చెబుతుంది. అలాగని తలుపు పూర్తిగా మూసి లేదు. విభజన మరీ అడ్డగోలుగా ఉంటే కోర్టులు చూడొచ్చని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. కానీ "మా వీధి రెండైంది" అనేది ఆ స్థాయి కారణం కాదు. పైగా విభజన కాలేదనే సాకుతో ఎన్నికలు ఆపకూడదని అదే కోర్టు 2022లో మధ్యప్రదేశ్ కేసులో చెప్పింది. లాయరు ఫీజుకు చందాలు వేసుకునే ముందు ఈ రెండూ ఆయన్నే అడగండి.

కేసుల మాట వస్తే కర్నూలు వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2014 మార్చి 30న రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగి అనంతపురం, కడప వాళ్లు ఓట్లేస్తే మనం చూస్తూ కూర్చున్నాం. స్టాంటన్‌పురం, మునగాలపాడు, మామిదాలపాడు లాంటి ఊళ్ల విలీనం చిక్కులతో మన ఎన్నిక ఎటూ తేలలేదు. మళ్లీ కార్పొరేటర్ అనే మనిషిని చూసింది 2021లో. మధ్యలో పదేళ్లకు పైగా స్పెషల్ ఆఫీసర్ల పాలన. అప్పుడు మా వీధి మురుగు కాలువ కోసం నేను స్వయంగా ఉద్యోగినై ఉండి కూడా పద్నాలుగు నెలలు తిరిగాను. సంతకం పెట్టే అధికారి మంచివాడే. ఆయనకు ఇంకా ఆరు బాధ్యతలు ఉన్నాయి, మా వీధిలో ఆయనకు ఓటు అడిగే అవసరం లేదు, అంతే తేడా. వీధి సగం అటు పోవడం నష్టమే, కానీ ఆ పదేళ్లతో పోల్చి చూసుకోండి.

ఆ 2021 ఎన్నిక కూడా ముక్కుతూ మూలుగుతూ వచ్చిందే. 2020 మార్చిలో నామినేషన్లు వేశాక కరోనా అని 15వ తేదీన ఆపేశారు. ఏడాది తర్వాత ఆగిన చోటు నుంచే మొదలుపెట్టారు. నాకు తెలిసిన ఒకాయన మొదటిసారి కరపత్రాలకు, ఆటోలకు, భోజనాలకు పెట్టిన ఖర్చంతా రెండోసారి మళ్లీ పెట్టాడు. కొత్త పాలకవర్గం మేయర్‌ను ఎన్నుకున్నది 2021 మార్చి 18న. ఐదేళ్లు ఆ రోజు నుంచే లెక్క.

ఇక ఈసారి హద్దులు మారతాయా అంటే ఒక్క సంగతి చూసుకోండి. 2027 జనగణన కోసం హద్దుల్లో మార్పులేమైనా ఉంటే 2025 డిసెంబర్ 31 లోపే ముగించుకోమని రాష్ట్రాలకు ముందే చెప్పారు. జనగణన నడుస్తుండగా గీతలు కదిలిస్తే లెక్కంతా తారుమారవుతుంది. అందుకే మీకు ఎవరైనా కొత్త మ్యాపు చూపిస్తే దాని మీద జీవో నంబర్, తేదీ అడగండి. అసలు పెద్ద మార్పు ఆ కొత్త జనాభా లెక్కలు ప్రచురించాక వస్తుంది. 2011లో సున్నాగా ఉన్న మీ కల్లూరు వైపు కాలనీలన్నీ అప్పుడు ఒక్కసారిగా జనంగా కనిపిస్తాయి. శివార్లలో డివిజన్లు పెరిగి, పాతబస్తీలో రెండు మూడు కలిసిపోతాయని నా అంచనా. వన్‌టౌన్ వాళ్లు అప్పుడు మీ దగ్గరికే సలహాకు వస్తారు.

అన్నట్టు అక్క గారికి మరచిపోకుండా చెప్పండి. ఆమె ఏ డివిజన్ నుంచైనా పోటీ చేయొచ్చు గానీ, నామినేషన్ మీద ప్రతిపాదకుడిగా సంతకం పెట్టే మనిషి మాత్రం ఆమె పోటీ చేసే డివిజన్‌లోనే ఓటరై ఉండాలి. ఎదురింటి పెద్దాయన పేరు ఇప్పటికే అనుకొని ఉంటారు. వీధి నిజంగానే రెండైతే ఆయన ఏ వరుసలో పడ్డాడో ముందు చూసుకోండి. స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో ఎగిరిపోయే వాటిలో ఇలాంటివి నేను ప్రతి ఎన్నికలో రెండైనా చూశాను.